కొమురత్త బొమ్మ అడిగింది

బతికున్న మనుషుల మీదే నాకు ఇన్ని ఫిర్యాదులున్నాయి. దయ్యాల గురించి ఆలోచించే తీరిక ఎప్పుడూ దొరకలేదు. నమ్మకం అసలే లేదు. ఇంట్లో పిల్లలకు జ్వరమొస్తే, పెద్దవాళ్లు మిరపకాయలతో దిష్టి తీసేలోపు నేను మందుల షాపుకు పోయి వచ్చేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయే సంగతి ముందు ఇద్దరు మిత్రులకు చెప్పాను. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన నిద్ర సరిపోవట్లేదేమో అన్నాడు. వాళ్లతో ఇప్పుడు నాకు మాటల్లేవు. అందుకే రాస్తున్నాను.

మాది జనగామ. పిల్లల బొమ్మల పుస్తకాలు రాస్తాను, వాటికి బొమ్మలూ నేనే గీస్తాను. కొన్నింటిని కదిలే బొమ్మల చిన్న సినిమాలుగా చేస్తాను. ఈ పనికి ఊళ్లో ఏ మర్యాదా లేదు. మా ఇంటి ఓనరు ఇప్పటికీ నన్ను చుట్టాలకు "డ్రాయింగ్ సారు" అని పరిచయం చేస్తాడు. నేను ఏ బళ్లోనూ డ్రాయింగ్ చెప్పలేదు. నా మొదటి పుస్తకం మీద నా పేరు వెనుక అట్టకు వేశారు, ప్రెస్సు పేరు కన్నా చిన్న అక్షరాల్లో. అడిగితే చోటు చాలలేదన్నారు.

జరిగింది అర్థం కావాలంటే బొమ్మ ఎలా మాట్లాడుతుందో కొంచెం చెప్పాలి. ముందు గొంతు రికార్డు చేస్తాం. తరువాత ఆ మాటలకు తగ్గట్టు మూతి గీస్తాం. మ, ప, బ వచ్చినప్పుడు పెదవులు కలవాలి. ఓ, ఊ వస్తే గుండ్రంగా కావాలి. ఆ అంటే తెరుచుకోవాలి. ఇలా ఓ పది మూతులు గీసి పెట్టుకుని, వాటినే మార్చి మార్చి వాడతాం. బల్ల మీద చిన్న అద్దం ఉంటుంది. మాటను మనమే పలికి, అద్దంలో చూసుకుని గీస్తాం. ఒకసారి కరెంటు మీటరు చూడటానికి వచ్చినతను, నేను అద్దంలో నాతో నేనే కొట్లాడుతున్నాననుకుని గడప దాటకుండా వెళ్లిపోయాడు.

ఆ పది మూతులతో బొమ్మ మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది, అంతే. క, గ, త, ద, న, ల అన్నింటికీ దాదాపు ఒకే మూతి. దాన్ని చూసి మాట పట్టుకోవడం ఎవరివల్లా కాదు. ఇది నా వృత్తి కాబట్టి గట్టిగా చెప్పగలను.

మా నాన్న చెల్లెలు కొమురమ్మది దంతాలపల్లి. మాకు కొమురత్త. చిన్నప్పుడు ఆమె చెప్పిన కథ ఒకటి మా ఇంటి పిల్లలందరికీ వచ్చు. అడవిలో నుంచి ఒక ఎలుగుబంటి అవ్వ ఇంట్లోకి వచ్చి, జాడీలోని మిరపకాయ తొక్కు నాకుతుంది. నాలుక మండి ఇల్లంతా దొర్లుతుంది. అవ్వ దాన్ని తిట్టి, చల్ల తాగించి, కూర్చోబెట్టి మక్కజొన్నలు ఒలిపిస్తుంది. ఈ కథ ఎక్కడా పుస్తకంలో లేదు. అత్త కల్పించిందే. దాన్ని నేను పుస్తకం చేశాను. హైదరాబాద్‌లోని ఒక సంస్థ, బళ్లలో చూపించడానికి, సినిమాగా కూడా చేయమంది.

అవ్వ గొంతు అత్తదే ఉండాలని నేను పట్టుబట్టాను. దంతాలపల్లి పోయి, ఆమె గదికి దుప్పట్లు కట్టి రికార్డు చేశాను. పక్కింటి కోడి ఆగకుండా కూసింది.

"నీ నోట్ల మన్ను వడ! జర ఊకోరాదే, మా అల్లుడు సీన్మ తీస్తాండు" అని కిటికీలో నుంచి దాన్ని తిట్టింది. ఆ తిట్టు ఎంత బాగుందంటే, ఎలుగుబంటిని తిట్టేచోట అదే వాడుకున్నాను. అవ్వ బొమ్మను అత్తను చూసే గీశాను. పై పళ్లలో సందుతో సహా.

"అందరికి ముప్పై రెండు పండ్లు గీస్తవ్, నాకు గీయనీకి నీ పెన్సిల్ అరిగిపోతదా?" అంది.

సినిమా పూర్తిచేసి పంపాను. సంస్థలో ఇలాంటివి చూసే మేడమ్ ఫోన్ చేసింది. "గొంతు బాగుందండీ, కానీ కామెడీగా ఉంది. పిల్లలు భాష నేర్చుకుంటారు కదా, కొంచెం నీట్‌గా ఉండాలి" అంది. సినిమాల్లో మా తెలంగాణ మాటను రౌడీలకూ పనివాళ్లకూ తగిలించి ఇన్నేళ్లు నవ్వించారు. చివరికి ఎలుగుబంటిని తిట్టే ముసలమ్మకు కూడా ఆ మాట పనికిరాదన్నారు. పెద్ద పెద్ద ఉత్తరాలు రాశాను. "మీ అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాం" అని ఒక్క వాక్యం జవాబు. ఎవరో నటి చేత మళ్లీ చెప్పించి, ఆ గొంతుకు తగ్గట్టు మూతులు మార్చమన్నారు. నేను కాదంటే ఇంకొకరు మార్చి అత్త ముఖాన్ని పాడుచేసేవాళ్లు. అందుకని నేనే మార్చాను. ఒక్క మూతి కూడా పాతది ఉంచకుండా మొత్తం మార్చాను. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

ఆ పని నడుస్తుండగానే అత్తకు పక్షవాతం వచ్చింది. మహబూబాబాద్‌ను మేము మానుకోట అంటాం. మానుకోట దవాఖానలో చేర్చారు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. నేను పోయేసరికి ఆమె కొడుకు సోమయ్య బావ మంచం దగ్గర నిలబడి ఉన్నాడు. గొంతు మార్చిన సంగతి అతనికి ఫోన్లో నేనే చెప్పాను, నా బాధ కొద్దీ. అతను దాన్ని ఎలా వాడుకున్నాడో చూడండి.

"అమ్మా, అచ్చిండు నీ అల్లుడు. నీ గొంతు తీసేసి పట్నపామె గొంతు పెట్టిండట. నీ మాట మంచిగ లేదన్నరట" అన్నాడు, ఆమె ముందే.

అత్త నా వైపు చూసింది. ఎడమ పక్క పెదవి కదిలింది. శబ్దం లేదు. నోరు తెరుచుకుంది, పెదవులు ఒకసారి కలిశాయి, మళ్లీ తెరుచుకుంది, చివర పక్కకు సాగింది. మళ్లీ అదే. మళ్లీ అదే. ఒకే మాటను తిరిగి తిరిగి అంటోందని నాకు తెలిసింది. ఏ మాటో తెలియలేదు. ఇంకాసేపు చూస్తే పట్టుకునేవాణ్ణి. వంగి దగ్గరికి పోయేసరికి బావ నా భుజం పట్టి లాగాడు.

"సాల్తియ్ బామ్మర్దీ. గింత చేసినంక ఇంక ఏం సతాయిస్తవ్, బయటికి నడువ్" అన్నాడు.

మర్నాడు పొద్దున అత్త పోయింది. పెద్దదినం నాడు కర్మకు వచ్చిన చుట్టాలందరి ముందు బావ, "మా అమ్మ వీన్ని తిట్టుకుంట పోయింది" అన్నాడు. అతనికి మాత్రం ఏం తెలుసు? కానీ కాదనడానికి నా దగ్గర మాత్రం ఏముంది? ఆ రోజు నుంచి నాకు కావాల్సింది ఒక్కటే. అత్త అన్న మాటేమిటో తెలియాలి.

ఆమె గొంతు కూడా మిగల్లేదు. ఆ వానాకాలం కంప్యూటర్ మీద కప్పు కారింది. కారుతుందని ఓనరుకు ఎన్నోసార్లు చెప్పాను. అత్త రికార్డింగ్ దానితోనే పోయింది. సంస్థను అడిగితే, వాడని ఫైళ్లు తీసేశామన్నారు. నటి గొంతుతో సినిమా బళ్లకు వెళ్లింది. పిల్లలు బాగా నవ్వుతున్నారట.

తరువాత కొన్ని నెలలకు భూపాలపల్లిలో ఒక బడి వాళ్లు పిలిచారు. బ్యానర్ మీద నటి పేరు నా పేరుకు పైన ఉంది. బొగ్గు లారీల దుమ్ము లోపలికి రాకుండా కిటికీలు మూశారు. వెలుతురు ఆగడానికి చీరలు కట్టారు. పట్టపగలు, అన్నం బెల్లుకు ముందు. పెద్ద టీవీలో సినిమా వేశారు. నేను పక్కన కుర్చీలో ఉన్నాను.

ముందు వరసలో అఖిల అనే పిల్ల కూర్చుంది. అయిదేళ్లప్పుడు జ్వరమొచ్చి వినికిడి పూర్తిగా పోయిందట. అంతకుముందే మాటలు వచ్చాయి కాబట్టి మాట్లాడుతుంది, కానీ గొంతు హెచ్చుతగ్గులు లేకుండా సాఫీగా ఉంటుంది. తల్లి మేరి అదే బళ్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. పిల్ల తల్లి పెదవులు చూసి మాట అర్థం చేసుకుంటుంది. కొత్తవాళ్లవి అంతగా పట్టుకోలేదు. ఈ వివరాలన్నీ నాకు తరువాత తెలిశాయి.

ఎలుగుబంటి దొర్లుతుంటే పిల్లలందరూ నవ్వారు. అవ్వ చల్ల చెంబు పట్టుకుని, నటి గొంతుతో, "రా నాయనా, కూర్చో, కాస్త చల్లగా తాగు" అంటోంది. అప్పుడు అఖిల లేచింది. టీవీ దగ్గరికి పోయి, బొమ్మ ముఖంలోకి చూస్తూ, గట్టిగా అంది:

"ఇంటాన అవ్వా. చెప్పు."

చెవులు వినపడని పిల్ల, "వింటున్నాను, చెప్పు" అంటోంది. వెనక పిల్లలు కిలకిలమన్నారు. టీచరమ్మ వచ్చి పిల్ల చెయ్యి పట్టి వెనక్కి తిప్పి కూర్చోబెట్టింది. చప్పుడుకు మేరి తడి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. "ఏందే, సార్ ముంగట పరేషాన్ చేస్తానవ్?" అంది, పిల్లకు కనపడేలా.

"గా అవ్వ అడుగుతాంది. నా మాటేది, నా మాటేది అంటాంది. ఎవ్వలు జవాబియ్యకపాయె" అంది పిల్ల.

మేరి నా వైపు తిరిగి నవ్వింది. "సార్, మీ కథల అవ్వకు ఏమన్న పోయిందా?"

కథలో అలాంటి మాట లేదు. పాత రికార్డింగ్‌లోనూ లేదు. సినిమా మళ్లీ మొదటి నుంచి వేయించాను. అఖిలను నా పక్కన కూర్చోబెట్టుకుని, ఆ చోటు రాగానే మేరితో అడిగించాను. పిల్ల కాసేపు చూసి పెదవి విరిచింది.

"ఇప్పుడేం అంటలేదు. ఊకె నములుతాంది, మేక లెక్క."

పిల్లలు ఎలుగుబంటికి కన్నా దీనికే ఎక్కువ నవ్వారు. చిన్నపిల్ల కాబట్టి సరిపోయింది గానీ, నా పని గురించి అంత మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. నా ఇంకో సినిమా కూడా వేసి చూపించాను. అందులో ఒక్క మాటా పట్టుకోలేకపోయింది. పట్టుకోలేకపోవడమే సహజం.

ఇంటికొచ్చి ఆ చోటును బొమ్మ బొమ్మగా విడదీసి చూశాను. అన్నీ నటి మాటలకు నేను మార్చిన మూతులే. ఆమె పలికిన ఆ వాక్యం మొత్తంలో పెదవులు కలవాల్సిన అక్షరం ఒక్కటీ లేదు. బొమ్మ పెదవులు ఎక్కడా కలవలేదు. పెదవులు కలవకుండా ఎవరూ "మాట" అనలేరు. కావాలంటే మీరే ప్రయత్నించండి.

తరువాత అద్దం ముందు కూర్చుని "నా మాటేది" అని పలికాను. నోరు తెరుచుకుంది, పెదవులు ఒకసారి కలిశాయి, మళ్లీ తెరుచుకుంది, చివర పక్కకు సాగింది. అలా కదిలే మాటలు ఇంకా ఎన్నో ఉంటాయని నాకు తెలుసు. ఇది రుజువు కాదు. కానీ దవాఖానలో నేను చూసిన ఆ కదలిక గురించి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అఖిలకు దంతాలపల్లి ఎక్కడుందో కూడా తెలియదు.

బావకు ఫోన్ చేశాను. అత్త చనిపోయాక అదే మొదటిసారి. అంతా చెప్పి, "ఆమె నన్ను తిట్టలేదు బావా. నా మాటేది అని అడిగింది, అంతే" అన్నాను.

బావ అంతా విన్నాడు. తరువాత, "రెండిట్ల ఫరక్ ఏముంది బామ్మర్దీ?" అని ఫోన్ పెట్టేశాడు.

ఫరక్ ఉంది. ఆమె మాట తీసేసింది నేను కాదు. అడగాల్సింది హైదరాబాద్‌లో ఉన్న ఆ మేడమ్‌ను. వాళ్ల ఆఫీసు గోడ మీది టీవీలో కూడా ఆ సినిమా రోజూ నడుస్తుంది. అక్కడ ఎవరినీ అడగకుండా, ఎక్కడో భూపాలపల్లిలో వినపడని పిల్లను ఎందుకు అడిగిందో నాకు తెలియదు. పిల్ల కల్పించిందందామా అంటే, ఆ ఒక్క మాటే ఎందుకు కల్పించాలి? నాకు భ్రమ అందామా అంటే, ఆ మాట విన్నది నేనొక్కణ్ణే కాదు. మేరి విన్నది, గది నిండా పిల్లలు విన్నారు. దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ ఒప్పుకోను. జరిగినదానికి కారణం మాత్రం చెప్పలేను.

ఇంకొకటి ఉంది. దీన్ని తలుచుకుంటే నిద్ర పట్టదు. పిల్ల "చెప్పు" అంది. అన్న వెంటనే టీచరమ్మ దాన్ని వెనక్కి తిప్పేసింది. తెర మీద అవ్వ ఇంకా మాట్లాడుతూనే ఉంది. వినడానికి ఒకరు దొరికాక అత్త ఏం చెప్పిందో ఎవరూ చూడలేదు. పిల్లలు నవ్వుతూ అఖిలను చూస్తున్నారు. నేనూ అఖిలనే చూస్తున్నాను.