అచ్చిబాబు లోగిలిలో నాలుగో స్తంభం

"మా లోగిలికి కుంటికాళ్ళు అతికిస్తానంటావేంటి, నీకు బుద్ధుందా?" అని అచ్చిబాబు వీరబ్రహ్మాన్ని నలుగురిలో అడిగాడు. 1891 ఎండాకాలం. కడియం దగ్గర పల్లెలో, పెంకులు సగం దింపేసిన మండువా ఇల్లు. మండువా చుట్టూ ఉన్న నాలుగు టేకు స్తంభాలకీ అడుగున మూరెడు మేర కుళ్ళిపోయింది.

"కాళ్ళే కుళ్ళాయండి, ఒళ్ళు బాగానే ఉంది. కాళ్ళు చెడ్డాయని మనిషిని పారేస్తామా అండి?" అన్నాడు వీరబ్రహ్మం.

అచ్చిబాబు కొత్త స్తంభాలు కావాలన్నాడు. తల్లి అప్పాయమ్మ ఒప్పుకోలేదు. "మీ తాత తెప్పించిన కర్ర ఇది. ఒక్కటి బయటికి పోయిందంటే నేనూ దాని వెనకే పోతాను" అంది. అంతటితో అతుకులే ఖాయమయ్యాయి.

వీరబ్రహ్మం ధవళేశ్వరం వడ్రంగి. తండ్రి రైతులకు నాగళ్ళు చేసి, ఏడాదికోసారి వాళ్ళు కొలిచిన ధాన్యం తెచ్చుకునేవాడు. కొడుక్కి ఆ పద్ధతి నచ్చలేదు. ఆనకట్ట కార్ఖానాలో చేరి పన్నెండేళ్ళు లాకుల తలుపులూ, దొరల బంగళాలకు బల్లలూ కుర్చీలూ చేశాడు. విరిగిన కుర్చీలు విప్పి బిగించడంలోనే అతుకు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో నేర్చుకున్నాడు. తరవాత రాజమండ్రిలో సొంత కొట్టు పెట్టాడు.

కుర్చీ కావాలని వచ్చినవాణ్ణి ముందు ఇటుకల మీద కూర్చోబెట్టేవాడు. పాదాలు నేలకు పూర్తిగా ఆనేదాకా ఒక్కో ఇటుకా తీసేవాడు. ఆ ఎత్తే కుర్చీ ఎత్తు. బళ్ళో పాఠాలు చెప్పే రాజరత్నం పొట్టి మనిషి, దొరల కుర్చీలో ఆయన కాళ్ళు వేలాడేవి. నాలుగో ఇటుక కూడా తీసేశాక, "ఏమయ్యా, కుర్చీ చేస్తున్నావా, పీట చేస్తున్నావా?" అన్నాడాయన. "మీరు ఆపమన్న చోట ఆపుతానండి, మాస్టారూ. కాళ్ళు మాత్రం ఇంకా దిగలేదండి" అన్నాడు వీరబ్రహ్మం.

అచ్చిబాబు లోగిలి అతను ఒప్పుకున్న మొదటి పెద్ద మరమ్మతు. టేకు మాత్రం రేవులోని కలప అడితిలో అరువు తెచ్చాడు. పద్దెనిమిది రూపాయలకు పనిముట్లన్నీ తాకట్టు. పని పూర్తయ్యాక అచ్చిబాబు నలభై ఇవ్వాలి. అవి రాకపోతే పనిముట్లు అడితివాడివి, కొట్టు మూతే, మళ్ళీ కార్ఖానా కూలే.

స్తంభం విషయంలో వడ్రంగులకొక నియమం ఉంది. చెట్టు ఎలా పెరిగిందో కర్ర అలాగే నిలవాలి: మొదలు కిందకి, చివర పైకి. తిరగబడితే ఇంటికి చేటంటారు. కర్రకు తన తల ఎటో తెలియదు, దాని మీద బరువు పెడితే మోస్తుంది. అయినా ఆ నియమం తప్పినవాణ్ణి ఎవరూ రెండోసారి పిలవరు.

భద్రాచలం అడవుల టేకు తెప్పలుగా గోదావరిలో దిగివస్తుంది. తెప్ప కట్టేటప్పుడు తాడు దూర్చడానికి దుంగకు ఒక కొసన బొక్క తొలుస్తారు. అది మొదలు వైపే ఉంటుందని వీరబ్రహ్మం నమ్మకం. బొక్క చూసుకుని, కోసిన ప్రతి ముక్కకూ అడుగున జాజుతో గీత పెట్టుకునేవాడు. ఊతగుంజల మీద కప్పు నిలిపి, కుళ్ళు కోసేసి, ఆ గీతల ప్రకారమే కొత్త ముక్కల్ని ఏటవాలుగా కలిపి, చెక్క సీలలు బిగించాడు. పెంకులు కూడా ఎక్కేశాయి. చివర్న నాలుగో స్తంభానికి నునుపు పెడుతుంటే అతుకు ముక్కలో ఒక ముడి బయటపడింది. కొమ్మ పైకి పెరుగుతుంది కదా, ఈ ముడి కిందకి వాలి ఉంది. ఆ దుంగకు బొక్క ఎవడో చివరవైపు తొలిచాడు, ముక్క తలకిందులుగా నిలిచింది.

ఇంటికి వెళ్ళి భార్య రామలక్ష్మికి చెప్పాడు.

"రంగేస్తే కనపడదు కదండీ. ఊరికే నోరు మూసుకున్నందుకు నలభై రూపాయలు ఇంకెవరిస్తారు?" అందామె.

"చిట్టియ్య చూస్తాడే."

చిట్టియ్య ఆ ఊరి వడ్రంగి. ఏటా ఆ ఇంటి తలుపులు సవరించేది అతనే. వీరబ్రహ్మాన్ని సత్యసంధుడని పొగిడేవాళ్ళున్నారు. అసలు సంగతి చిట్టియ్య నవ్వుతాడన్న భయం. మర్నాడు వెళ్ళి తనే చెప్పేశాడు.

"తలకిందులు స్తంభం దగ్గర మా పిల్ల పెళ్ళిపీటలు వేయమంటావా?" అని అచ్చిబాబు లేచాడు.

"విప్పి మార్చేస్తానండి. నాలుగు రోజులండి. నా ఖర్చేనండి."

"వాన నెత్తిమీదుంటే కప్పు కదుపుతానంటావేంటి? ముట్టుకోకు."

"మరి చేటంటారు కదండి?"

"దానికి శాంతి చేయిస్తాం. నీకు మాత్రం పైసా లేదు."

అప్పాయమ్మ లోపల్నుంచి అంది: "కర్ర మనింట్లో పాతుకుని దాని ధర ఎగ్గొడతావేంట్రా? కర్ర డబ్బులు పడెయ్."

కర్ర డబ్బు పద్దెనిమిదీ అచ్చిబాబు ఇచ్చాడు. పనిముట్లు అడితి నుంచి విడిపించుకుని వచ్చి, వీరబ్రహ్మం మర్నాడే కొట్టు తెరిచాడు. ఆపైన బొక్కల్ని నమ్మలేదు. ప్రతి ముక్కనూ తొట్టిలో తేలేసి, బరువుకి ఎక్కువ మునిగిన కొసే మొదలని గీత పెట్టేవాడు. ఇంకో పదకొండు లోగిళ్ళు బాగుచేశాడు.

శాంతి చేసిన పురోహితుడికి అచ్చిబాబు అప్పటికప్పుడే మూడు రూపాయలూ పంచెల చాపూ ఇచ్చాడు. మాఘంలో పిల్ల పెళ్ళి ఆ స్తంభం పక్కనే జరిగింది. కాపురం బాగానే ఉంది. వీరబ్రహ్మం ఏటా వెళ్ళి తన కూలి అడిగేవాడు. స్తంభం మార్చాక చూద్దామనేవాడు అచ్చిబాబు. మారుస్తానంటే మార్చనిచ్చేవాడు కాదు.

వీరబ్రహ్మం 1903లో పోయాడు. అచ్చిబాబు ఇంటి నుంచి రామలక్ష్మికి ఇరవై రెండు రూపాయలు ఇంకా రావాలి.