క్యాషే రాసుకోండ్రి!

కొంప ముంచుకోవడానికి మనిషికి ఎంతసేపు పడుతుంది? నా అనుభవంలో, ఒక్క మాట అనేంతసేపు. ఆ మాట నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్ ముందు, నలుగురూ వినేలా అన్నాను. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. మా ఇంట్లో మాత్రం ఇంతవరకు ఎవరూ నవ్వలేదు.

అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. సెల్‌ఫోన్లు రిపేరు చేసే చిన్న డబ్బా నాది. మా అవ్వ, అంటే మా అమ్మ, బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నేను బెదరలేదు. ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కార్డు మీద ఉచితం. మంచం మీది మనిషిని ఇంట్లో చూసుకునే ఖర్చు ఆ కార్డు ఇవ్వదు కాబట్టి, చిట్టీ డబ్బుతో రెండు నెలలు ఒక ఆయమ్మను పెడదామనుకున్నాను. చూశారా, ఎంత తెలివైనవాణ్ణో!

అంతా సాఫీగా జరిగేదే, బోధన్ నుంచి మా చెల్లెలి మామగారు పరామర్శకు రాకపోతే. ఆయన చెరకు రైతు. ఇస్త్రీ చొక్కా, వేలికి ఉంగరం. చెల్లెలి పెళ్లయి ఆరు నెలలే. సంబంధం మాట్లాడేటప్పుడు నా డబ్బాను వాళ్లకు 'షోరూం' అని చెప్పి ఉన్నాం.

"కార్డు పేషెంటా అన్నా, క్యాషా?" అంది కౌంటర్‌లో అమ్మాయి.

జేబులో చెయ్యి పెట్టాను. కార్డు వేళ్లకు తగిలింది. పక్కన మామగారు. చెయ్యి కార్డును వదిలేసి దువ్వెనతో బయటికొచ్చింది. తల దువ్వుకుంటూ అన్నాను:

"కార్డా? మాకేం ఖర్మ! క్యాషే రాసుకోండ్రి. ఏసీ రూం ఇయ్యిండ్రి."

స్ట్రెచర్ మీంచి అవ్వ మూలిగింది. "కార్డు తెచ్చినవ్ గదరా?"

"నువ్వు మాట్లాడకవ్వా. డాక్టర్ మాట్లాడొద్దన్నడు."

"డాక్టర్ ఇంకా నన్ను సూడనే లేదు గదరా!"

మామగారు బస్సెక్కగానే కార్డు ఇచ్చేద్దామనుకున్నాను. ఆయన ఎక్కితేగా! "గిసుంటి టైంల మిమ్మల్ని ఇడిసిపెట్టి పోతనా అల్లుడా?" అని ఆపరేషన్ అయ్యేదాకా కదల్లేదు. అంత మంచి మనిషిని మనసులో అన్ని తిట్లు తిట్టిన పాపం నాదే.

మర్నాడు ఆయన వెళ్లగానే ఆరోగ్యశ్రీ కౌంటర్‌కు పరుగెత్తాను.

"మేడం, జర గీ కార్డు ఎక్కించుండ్రి."

"ఆపరేషన్ ఎప్పుడన్నా?"

"నిన్ననే అయింది."

"ముందుగాల పర్మిషన్ తీస్కోవాలె. అయినంక ఏం జేస్తం?"

"మళ్ల ఒకసారి చెయ్యరా?" అని అడిగాను. ఒట్టు, నిజంగానే అడిగాను.

చిట్టీ డబ్బంతా బిల్లుకు పోయింది. ఆయమ్మను పెట్టే దారి మూసుకుపోయింది. డబ్బాకు తాళం వేసి నేనే ఆయమ్మనయ్యాను. మొదటిసారి బెడ్‌పాన్ పెట్టినప్పుడు అవ్వ గోడవైపు తిరిగి ఏడ్చింది. "కొడుకుతోని గీ పని జేయించుకునుడేందిరా," అంది. ఆ తర్వాత నన్ను పిలవాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించింది. గ్లాసు నోటి దగ్గర పెట్టి బతిమాలితే రెండు గుక్కలు. వంటింట్లోకి పోయి నేనూ ఏడ్చాను.

మూడో వారం మామగారు మళ్లీ వచ్చారు. "ఆయమ్మను పెట్టకపోతివా అల్లుడా?" అన్నారు. ఇక దాచే ఓపిక లేదు. డబ్బా సంగతి, కార్డు సంగతి, అన్నీ కక్కేశాను.



"పోయినేడు నా గుండెకు స్టెంట్ ఏసింది గా దవాఖానలనే," అన్నారు మామగారు. "ఆరోగ్యశ్రీ మీదనే. ఆనాడు కౌంటర్ల గా పిల్ల నన్ను గుర్తువడతదేమో అని మొఖం అటు దిప్పుకొని నిలవడ్డ. మీరు షోరూమోళ్లు గదా, మీ ముంగట ఇజ్జత్ పోతదని."

మంచం మీంచి అవ్వ అందుకుంది.

"ఇజ్జత్ ఇద్దరు మంచిగ కాపాడుకున్నరు. ఇగ బెడ్‌పాన్ ఎవ్వలు పెడ్తరో జల్ది పెట్టుండ్రి, ఆగేటట్టు లేదు."

ఆనాడే ప్రమాణం చేశాను: ఇకపై ఏ ఆసుపత్రిలో అడుగుపెట్టినా, పక్కన మామగారున్నా సాక్షాత్తూ జిల్లా కలెక్టరున్నా, "మేం కార్డోళ్లం!" అని గేటు దగ్గర్నుంచే అరుచుకుంటూ పోతాను.