మరిది పెట్టెలోని సన్నాయి

ఈరోజు మార్గశిర గురువారం. మా మరిది పోయి పన్నెండో రోజు. నిన్న పెద్దకర్మ అయింది. ఇది రాయడానికి రెండు కారణాలున్నాయి. ఇల్లందు, కారేపల్లి చుట్టుపక్కల పెళ్లిళ్లలో ఆయన వాయిస్తుంటే విన్నవాళ్లందరికీ ఈ కబురు ఇంకా చేరలేదు. రెండోది, ఆయనతో పాటు ఇంకొకటి కూడా పోయింది. అది కొంతైనా తిరిగి దొరకాలంటే మీ సాయం కావాలి.

ఆ పొద్దున టీ వడకడుతుంటే తోడికోడలి ఫోన్ వచ్చింది. "అక్కా, నీ మరిది ఇగ లేడు" అన్నది. ఖమ్మం దవాఖానాలో గుండె ఆగిపోయింది. పొయ్యి ఆర్పకుండానే ఇల్లు తాళం వేసి బస్సెక్కాను. నేను అలాంటి పని చేసేదాన్ని కాను.

వీధి మొదట్లో కట్టిన ఫ్లెక్సీలో 'కీబోర్డు కళాకారుడు' అని రాశారు. అది సగమే నిజం. కీబోర్డులు ఆయన దగ్గర ఎన్నో మారాయి, కొన్ని కిరాయివి కూడా. మారనిది ఆ నల్ల రేకు పెట్టె. దాన్ని సౌండ్ మాడ్యూల్ అంటారు. దానికి మీటలుండవు. చిన్న తెర, కొన్ని బొత్తాలు, అంతే. ఏ మీట నొక్కారో కీబోర్డు తీగ గుండా చెబుతుంది. అది ఏ గొంతుతో పలకాలో పెట్టె చూసుకుంటుంది. వయొలిన్, వేణువు, గంట, అన్నీ అందులోంచే వచ్చేవి.

పెళ్లి పందిట్లో ఎవరో ఒకరు అడిగేవారు. "ఏంది సార్ ఇది, డీవీడీ ప్లేయరా? సినిమా గిట్ల ఏస్తరా?"

"అవ్, తాళి కట్టినంక ఏస్తం. ముందే ఏస్తే పెండ్లికొడుకు పీటల మీద కూసోడు" అనేవాడు మా మరిది.

బస్సులో ఆ పెట్టెను తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకునేవాడు. పక్క సీటు ఖాళీగా ఉన్నా కింద పెట్టేవాడు కాదు. దాని మీద టీ గ్లాసు పెట్టినవాళ్లకు ఆ పూట ఆయన మాట దక్కేది కాదు. వస్తువును వస్తువులా చూసే మనుషులంటే నాకు గౌరవం.

పెట్టెలో తయారుచేసినవాళ్లు పెట్టిన గొంతులు కొన్ని, ఆయన కూర్చుకున్నవి కొన్ని. ఆయనవాటిలో అన్నిటికంటే పెద్దది సన్నాయి. కారేపల్లి వైపు ఒక ముసలి సన్నాయి విద్వాంసుడుండేవాడు. ముందు పన్ను ఊడిపోవడంతో ఊదగానే కాస్త గాలి జారేది, పైస్వరం ఒకచోట సన్నగా చీలేది. ఆ ముసలాయన పోయాక మా మరిది పెట్టెలో ఉన్న ఓబో అనే విదేశీ వాద్యం గొంతు తీసుకుని, దాన్ని మారుస్తూ మారుస్తూ ఆ జారే గాలిని, ఆ చీలికను పట్టుకున్నాడు. దానికి 'పన్నూడిన సన్నాయి' అని పేరు పెట్టాడు. మొదటిసారి ఒక పెళ్లిలో అది మోగించిన రోజు, వంటల దగ్గర ఉల్లిగడ్డలు కోస్తున్న ఆ విద్వాంసుడి భార్య కత్తిపీట వదిలేసి పందిట్లోకి వచ్చింది.

"మా ముసలోడెప్పుడొచ్చిండు?" అన్నది.

ఎవరూ నవ్వలేదు. మా మరిది ఆ పాట ఆపకుండా మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు.

అయినా ఆ సన్నాయి ఎప్పుడూ ఒకేలా ఉండేది కాదు. భద్రాచలం అడవి వైపు పెళ్లి ఒప్పుకుంటే ముందుగా వెళ్లి అక్కడి పెద్దల దగ్గర కూర్చునేవాడు. "మీ దిక్కు సన్నాయి ఎట్ల పలికేది తాతా?" అని అడిగేవాడు. వాళ్లు నోటితో పలికి చూపిస్తే వచ్చి బొత్తాలు తిప్పుకునేవాడు. "పెండ్లి వాళ్లదైనప్పుడు సన్నాయి కూడ వాళ్లదే కావాలె గద వదినా" అనేవాడు.

పోయిన వేసవిలో హైదరాబాద్‌లో చదువుతున్న మా మనవరాలు లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆ నల్ల పెట్టె మొత్తాన్ని ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌గా చేశారట. తెర మీద అదే పెట్టె, అవే బొత్తాలు. ఈయన కళ్లు మూసుకుని వయొలిన్ విన్నాడు, గంట విన్నాడు.

"అచ్చం అదే బిడ్డా. ఎలుకలు కొరికే వైరు లేదు, మోసే పని లేదు. నా నడుం బతికేది ముందే వస్తే."

"మరి మీ సన్నాయి లేదు కద చిన్నతాతా. కేబుల్ పెట్టి మీవన్నీ ఇందులకు ఎక్కించుకుంటా."

"ఆగు. సన్నాయి ఇంకా కుదర్లే. కుదిరినంక ఎక్కిద్దాం."

"ఎప్పుడు కుదురుతది?"

"జల్దీ చేస్తే కుదిరేది కాదది."

ఆమె సెలవులు అయిపోయాయి. కుదరలేదు.

పోయినవారికి ఇష్టమైన వస్తువులను పెద్దకర్మ నాడు పటం ముందు పెట్టడం మాలో ఆచారం. రెండు రోజుల ముందు తోడికోడలు పెట్టెను తుడిచి స్విచ్ వేసి చూసింది. తెర మీద బ్యాటరీ అయిపోవచ్చిందని అక్షరాలు వచ్చాయి. పెట్టె లోపల బిళ్లలాంటి చిన్న సెల్లు ఒకటి ఉంటుంది. ఆమె దాన్ని దీపంలో నూనె లాగా చూసింది. "ఆయన పెట్టె కొడిగట్టొద్దు" అని మా మరిది పాటల ట్రూపులో డోలక్ వాయించే ఆయనకు ఇచ్చి పంపింది. ఆయన రిపేరు దుకాణంలో కొత్త సెల్లు వేయించి తెచ్చాడు. తెర శుభ్రంగా వెలిగింది. పటం ముందు పెట్టి పూలు వేశాం.

నిన్న భోజనాలయ్యాక మనవరాలు కేబుల్ తగిలించి చాలాసేపు వెతికింది.

"నానమ్మా, చిన్నతాత చేసినవి ఒక్కటీ లేవు. ఆ పాత సెల్లే వాటిని పట్టుకుని ఉన్నది. ముందు బయటికి తీసుకుని, తర్వాత సెల్లు మార్చాలె."

తోడికోడలు గడపలో నిలబడి ఉన్నదని మేం చూసుకోలేదు.

"ఏంది లేదంటున్నరు?"

పిల్ల నా వైపు చూసింది. ఇలాంటివి తిప్పి తిప్పి చెబితే నొప్పి ఎక్కువ. "పాత సెల్లు తీసినప్పుడు ఆయన చేసినవి చెరిగిపోయినయ్" అన్నాను.

"సన్నాయి?"

"సన్నాయి గూడ."

ఆమె వచ్చి పెట్టె ముందు కూర్చుంది. "నేనే ఆర్పిన్నా అక్కా?"

"నువ్వు ఆర్పలే. ఆరిపోతదని భయపడ్డవ్. రెండూ ఒకటి కాదు."

"గట్లంటవ్ గని..." అన్నది. ఆపైన దుమ్ములేని పెట్టెను కొంగుతో తుడుస్తూనే ఉంది.

కాబట్టి ఇక జరగవలసినవి ఇవి.

1. ఆయన వాయించిన పెళ్లి వీడియోలు, ఫోన్ రికార్డింగులు ఉన్నవాళ్లు వాటిని చెరపకండి. సన్నాయి వినపడేవి మా తోడికోడలి ఇంటికి చేర్చండి. వంటవాళ్ల కేకలు, పిల్లల ఏడుపులు కలిసి ఉన్నా ఫర్వాలేదు.

2. ఇలాంటి పాత పెట్టెలున్న ట్రూపులవాళ్లు మీరు చేసుకున్న గొంతులను ఈ వారమే బయటికి తీయించుకోండి. కుదిరాక చూద్దామని ఆగకండి.

3. సెల్లు మార్చిన మనిషిని, మార్పించి తెచ్చిన మనిషిని ఎవరూ ఒక్క మాట అనకూడదు. మా తోడికోడలి ఎదుట ఆ సెల్లు ప్రస్తావనే తేవద్దు.

4. మనవరాలు ఆ రికార్డింగులు వింటూ, అదే ఓబో నుంచి లాప్‌టాప్‌లో సన్నాయి చేయడానికి ప్రయత్నిస్తుంది. అది ఎంత దగ్గరికి వచ్చినా ఆయనదని చెప్పి వాయించకూడదు. అది ఆ పిల్ల సన్నాయి.

5. మాఘంలో ఆయన ఒప్పుకున్న పెళ్లికి ట్రూపు వెళ్లాలి. సన్నాయి రావలసిన చోట వేరే గొంతు పెట్టవద్దు. డోలక్ ఒక్కటే నడవనివ్వండి. పెళ్లివారు ఏమైందోనని తలెత్తి చూస్తారు. చూడనివ్వండి.