గాజుపెట్టెలో ఇత్తడి బిళ్ల

మొన్న దుర్గాపూర్ కాలనీలో, ఒకప్పుడు రేషన్ ఇచ్చిన గదికి సున్నం కొట్టి, గని పనివాళ్ల ఇళ్లలోంచి తెచ్చిన పాత సామాను సర్ది చిన్న మ్యూజియం తెరిచారంటే మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాను. నేనిచ్చిన టిఫిన్ డబ్బా కింద నా పేరుంటుందని ఇస్త్రీ చొక్కా కూడా వేసుకున్నాను. డబ్బా ఒక మూలన ఉంది, పేరు లేదు. సొంత డబ్బా కొట్టుకోవడానికీ లేకుండా పోయింది. నడిమధ్య గాజుపెట్టెలో మాత్రం ఒక ఇత్తడి బిళ్ల, దాని కింద ఇక్కడి భాష మరాఠీలో మా సడ్డకుడి పేరు. మనవరాలు అది చదివి, పెద్దతాత పేరుంది, నీదేదని అడిగింది. ఇన్నేళ్లు బొగ్గు తవ్వినా అంటని మసి ఆ క్షణాన నా మొహానికి అంటింది.

సడ్డకుడంటే మా ఆవిడ అక్క మొగుడు, ఇప్పుడు లేడు. ఉన్నన్నాళ్లూ అత్తగారింట్లో పెద్దపీట ఆయనది, మంచి ముక్క ఆయనది. నా కుళ్లు మాత్రం నా స్వార్జితం. దగ్గరికెళ్లి చూద్దును కదా, బిళ్ల మీది నంబరు నాది.

మా రోజుల్లో గని దిగేముందు దీపాల గదిలో బిళ్ల ఇచ్చి దీపం తీసుకునేవాళ్లం. లోపల ఎవరున్నారన్నదానికి ఆ బిళ్లే సాక్ష్యం. మా పెద్దమ్మాయి పుట్టిన నాటికి నేనింకా పర్మినెంటు కాలేదు, ఒక్క నాగా పడితే పేరు కొట్టేస్తారు. ఆ రోజు సెలవున్న సడ్డకుడు నన్ను ఆసుపత్రిలోనే ఉండమని, నా బిళ్ల పట్టుకుని నా పేరున దిగాడు. బిళ్ల చూసేవాళ్లే గాని మొహం చూసేవాళ్లేరి. తిరిగివ్వడం ఆయన మరిచాడు, అడగడం నేను మరిచాను; పారేసుకున్నానని చెప్పి, చీవాట్లు తిని కొత్తది తెచ్చుకున్నాను. ఆయన పోయాక పెట్టెలో దొరికితే, ఆయనదే అనుకుని ఆయన భార్య, మా వదిన, మ్యూజియానికి ఇచ్చిందట.

ఆ చీటీ మార్పించి నా పేరు రాయించాలని నాలుక దురద పెడుతుండగానే వదిన వచ్చి, కొంగుతో గాజు తుడుస్తూ అడిగింది.

"మర్దీ, నాకు చదువు రాకపాయె. మీ అన్న నంబరు గిదేనా?"

ఆ రోజు లోపల కప్పు కూలి ఉంటే పోయినవాడిగా నా పేరే రాసేవారు. ఈవిడ గని ముందు నిలబడి తన మొగుడు లోపలున్నాడని ఎవరిని నమ్మించేది?

"గదే వదినా. గా బిళ్లతోనే దిగిండు అన్న" అన్నాను.

కుళ్లు పోయిందనుకునేరు, ఇంటికొచ్చేదాకా సణుగుతూనే ఉన్నాను. ఇప్పుడు గని దగ్గర మిషను మీద వేలు పెడితేనే లోపలికి పంపుతారట, ఒకరి పేరున ఇంకొకరు దిగే మోసం లేదు, మంచిదే. కాన్పు గది ముందు నిలబడ్డ తండ్రితో నువ్వుండు, నేను దిగుతానని చెప్పే మనిషి ఇప్పటికీ ఉండవచ్చు. వేలు మాత్రం అరువివ్వలేడు.