కుక్కపిల్ల ఎటు చూసింది

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, గురజాల దగ్గరి మా ఊళ్లో ఒక కుక్కపిల్లను పెంచాను. పెంచాను అని సులువుగా అనేస్తున్నాను గానీ, ఆ మాట నాకు తగదు.

గోధుమరంగు పిల్ల. మా మిరపచేలో దొరికితే గౌనులో చుట్టి తెచ్చుకున్నాను. దానికి ఒక పాడు అలవాటు ఉండేది. తన పెంట తానే తినేది. బడిపిల్లలు చూసి ముక్కులు మూసుకుని నవ్వారు. మా నాన్న కూడా చూశాడు. "ఇంకోసారి నా కంటబడిందంటే దీన్ని కాలవ అవతల వదిలేసొస్తా" అన్నాడు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

ఆ భయంతో నేను పత్తికట్టె పట్టాను. అది దొడ్డికి కూర్చున్నప్పుడల్లా పరుగెత్తుకెళ్లి, మెడ వంచి, మూతిని అందులోనే రుద్ది కొట్టేదాన్ని. అలా చేస్తే మానేస్తుందని ఎవరో చెప్పారు. మానలేదు సరిగదా, ఇంకా తొందర తొందరగా మింగడం మొదలుపెట్టింది. నేను ఇంకా గట్టిగా కొట్టాను. నిజం చెప్పాలంటే, కొన్నాళ్లకు ఆ కొట్టడం నాకు రుచించింది. ఇంట్లో అందరి చేతా మాటలు పడేదాన్ని నేను. నా చేత పడడానికి అదొక్కటే ఉంది.

ఒక ఆదివారం చర్చికి బయలుదేరుతూ పక్కింటి పెద్దమ్మ ఇదంతా గోడ మీదుగా చూసింది. మర్నాడు పొద్దున్నే, మిరపకాయల కోతకు వెళ్లే ముందు మా వాకిట్లోకి వచ్చి, నా పక్కన అరుగు మీద కూర్చుంది.

"ఇయ్యాల నువ్వు కదలమాక. ఊరికే చూడు" అంది.

కాసేపటికి పిల్ల గోడవారకు వెళ్లి పని కానిచ్చింది. తలెత్తి ఒక్క చూపు చూసి, గబగబా వంగింది.

"తినబోయే ముందు ఎటు చూసిందే?"

"నా వైపు."

"నీ చేతి వైపు. నువ్వు కట్టె తీసుకునొచ్చే లోపల అక్కడేం లేకుండా చేద్దామని దాని తాపత్రయం. డొక్కలు చూడు, కడుపుకైనా పెడతన్నావా?"

నా కంచంలో మిగిలితేనే పెట్టేదాన్ని.

పెద్దమ్మ తన సద్దిలోంచి జొన్నరొట్టె ముక్క తుంచి పిల్లను పిలిచింది. అది ఆమె దగ్గరికి తోక ఊపుకుంటూ వచ్చింది. అది తింటుండగానే ఆమె రేకుముక్కతో మిగిలిన మురికిని ఎత్తేసి బూడిద చల్లింది. "పని కాగానే పిలిచి ఏదో ఒకటి పెట్టు. అది తినేలోపు ఎత్తెయ్. రెండు పూటలా కడుపు నింపు. చానా రోజులు పట్టదులే" అని కోతకు వెళ్లిపోయింది.

పదిహేను రోజుల్లో మానేసింది. నాన్న కాలవ మాట మళ్లీ ఎత్తలేదు. అది పదకొండేళ్లు మా ఇంట్లోనే బతికింది. నా చేత్తో పెడితేనే తినేది. కానీ జడ వేసుకోవడానికి నేను చెయ్యి పైకెత్తితే చాలు, నేలకు అణిగిపోయి కళ్లు మూసుకునేది. చివరిదాకా అంతే.

మొన్న నా మనవరాలు గాజుగ్లాసు పగలగొట్టి ముక్కలు మంచం కింద దాచింది. తిట్టలేదు. "నేనంటే భయమా అమ్మా?" అని అడిగాను. లేదంది. అయినా ఆ రోజంతా నా మనసు నిలవలేదు.