మా ఎనుము తరపున నేను చేసిన ప్రార్థన

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే ఉండనీండి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూడా ఈ కథ వినొచ్చు. ఆ రోజుల్లో మా పత్తికొండ పక్క పల్లెల్లో మాకు వచ్చింది ఒక్క తెలుగే గానీ, ఆ ఒక్కదాన్నే నాలుగు రకాలుగా వాడుకునేవాళ్లం. పొలం ఆసామి ముందర ఒక తెలుగు, కొళాయి దగ్గర ఒక తెలుగు, దేవుని ముందర ఒక తెలుగు, పశువుల దగ్గర ఇంకొకటి. ఏది ఎక్కడ బయటికి తీయాలో తెలిసినవాళ్లు సుఖంగా బతికారు. నాకు అప్పటికి పదహారో పదిహేడో ఏళ్లు. చదువు ఐదుతో ఆగిపోయినా ఆదివారం గుడిలో ప్రార్థన చేయమంటే మాత్రం కళ్లు మూసుకుని గంగమ్మ పొంగినట్టు చెప్పేదాన్ని. పాస్టరయ్య గొంతు విని విని పట్టుకున్న మాటలన్నీ దారం తెగిన పూసల్లా జలజలా రాలేవి. ముసలమ్మలు ముక్కు చీదుకునేవాళ్లు. దాంతో నా నోటికి తిరుగులేదని నాకొక నమ్మకం (నమ్మకానికేం, అది చదువు అడగదు).

మాకొక ఎనుము, అదే బర్రె, ఉండేది. కొత్తగా ఈనింది. దాన్ని మేపే పని నాది. నేనేమో క్రిస్మస్ పాటలు నేర్చుకోవడానికి గుడికి పోయి, పాటలో పడి దాన్ని మరిచిపోయాను. అది నడుచుకుంటూ పోయి మీసాల పెద్దాయన జొన్నచేలో పడింది. ఆయన మా పక్కన భూమి ఉన్న పెద్ద రైతు. మీసాలు ఎంతో గొంతూ అంతే. ఎనుమును తోలుకుపోయి తన దొడ్లో కట్టేసుకున్నాడు. ఇంట్లో దూడ తల్లి కోసం అరుస్తూనే ఉంది. అమ్మ గంజి పోసినా మూతి తిప్పుకుంది.

ముందు మా నాయన పోయినాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, వంగి, "సామీ, మా ఎనుము గట్టు మీదనే మేసింది సామీ, చేలోకి దిగనే లేదు సామీ" అన్నాడు. అన్ని సామీలు పడేసరికి ఆయనకు ఇంకా నాలుగు వినాలనిపించిందేమో, "సూద్దాంలేప్పా, రేపు రా" అని పంపించేశాడు.

తర్వాత మా మేనత్త పోయింది. కొళాయి దగ్గర ఆమెతో గెలిచినవాళ్లు ఇంకా పుట్టలేదు. "ఏం పెద్దాయనా, నోరు లేని దాన్ని కట్టేసి మొగోడనిపించుకుంటాండావా? దూడ ఉసురు తగిలి నీ మీసాలు రాలిపోను!" అని వీధి దద్దరిల్లేలా అరిచింది. ఆయన పోయి ఎనుముకు ఇంకో పలుపు తెచ్చి కట్టాడు.

తెల్లారి నేను బయలుదేరాను. "నాయనా, నేను మాట్లాడతా" అన్నాను. నాయన సందేహంగా చూసి, "ఒకటే మాట పాపా. గట్టు దాటలేదు. అంతే. ఇంకేం చెప్పద్దు" అన్నాడు. వెనక నాయనా, అత్తా కూడా వచ్చారు. పెద్దాయన అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. కింద నలుగురు కూలీలు పనికి పోబోతూ నిలబడి ఉన్నారు. అందరూ మా గుడివాళ్లే. ఆ మీసాలు చూడగానే ఏ తెలుగు తీయాలో తోచక, భయమేసినప్పుడు అలవాటుగా వచ్చే తెలుగే వచ్చేసింది. కళ్లు మూసుకున్నాను.

"మహా కృపగల పెద్దాయనా, ఈ ఉదయకాలమున నీ సన్నిధికి వచ్చుటకు మాకిచ్చిన ధన్యతను బట్టి నీకు వందనములు. గడచిన రాత్రంతయు మమ్మును కాచి కాపాడితివి..."

"నేనెప్పుడు కాపాడితి?" అన్నాడు ఆయన, నిజంగానే తెలియక.

కూలీలు తలగుడ్డలు తీసి కళ్లు మూసుకున్నారట. వాళ్ల తప్పేం లేదు, ఆ రాగం వింటే చేతులు వాటంతటవే పోతాయి. పెద్దాయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి సర్దుకుని కూర్చున్నాడట (నాకు కనపడలేదు, అత్త తర్వాత చెప్పింది). జన్మలో ఆయన్ను ఎవరూ అంత అందంగా పిలవలేదు మరి.

అంతవరకు బాగానే ఉంది. కానీ ప్రార్థనకు ఒక దారి ఉంటుంది. స్తుతి అయిపోగానే ఒప్పుకోలు వస్తుంది, ఆ తర్వాతే అడుక్కోవడం. నీళ్లు తోడే ఎద్దుకు బాయిగడ్డ తెలిసినట్టు నా నాలుకకు ఆ దారే తెలుసు. "తెలిసియు తెలియకయు మేము చేసిన అపరాధములను నీ యెదుట ఒప్పుకొనుచున్నాము. నిన్నటి దినమున మా ఎనుము గట్టు దాటి నీ జొన్నచేలో ప్రవేశించి కడుపార భక్షించియున్నది..."

నాయన గట్టిగా దగ్గాడు. నేను ఆగలేదు. ఆగడానికి ఆ తెలుగులో చోటే లేదు.

"...మొన్నటి దినమునను భక్షించియున్నది. మా తండ్రి నీ కంచెలోని కంపను పొయ్యిలోనికి తెచ్చియున్నాడు. మా మేనత్త నీ తోటలోని దోసకాయలను కొంగున కట్టుకొని..."

"మే! నోరు ముయ్యవే!" అని అత్త నా నడుం మీద పెట్టిన గిల్లు ఇప్పటికీ తడుముకుంటే తెలుస్తుంది. కళ్లు తెరిచాను. పెద్దాయన మీసం మెలేస్తూ, "ఏమప్పా, గట్టు దాటలేదంటివే?" అని నాయన వైపు చూస్తున్నాడు. అయిపోయింది, ఎనుమూ పోయింది, పరువూ పోయింది అనుకున్నాను. ఏడుపొచ్చింది.

అప్పుడు లోపలి నుంచి పెద్దాయన భార్య, మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం, గడపలోకి వచ్చింది. "ఆ పాప ఇంటిల్లిపాది తప్పులూ చెప్పె. నువ్వు చెప్పాల్సింది ఏమీ లేదా? నువ్వు తాగే కాఫీలో పాలు యాడివి?"

పెద్దాయన గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"దూడ లేకుంటే పాలు చేపదని, తవుడు పెట్టి, మెడ నిమిరి, 'నా తల్లివి కదా, నా బంగారు కదా, రవ్వంత ఇడువు' అని ఆ ఎనుమును బతిమాల్తాంటివే! నేనీ ఇంటికొచ్చి ఇన్నేండ్లాయె, ఒక్కనాడన్నా నన్ను బంగారూ అన్న పాపాన పోలే!"

కూలీల్లో ఒకాయన ఇంకా కళ్లు తెరవలేదు. ప్రార్థన అప్పటికి అయిపోయిందనుకున్నాడేమో, గొంతు నిండా "ఆమెన్" అన్నాడు.

ముందు పెద్దమ్మ నవ్వింది. తర్వాత మీసాలు అదిరాయి. తర్వాత అరుగు అదిరింది. "ఇప్పండ్రా ఎనుమును, బిరీన ఇప్పండి! ఇంకొంచేపుంటే ఊరి పాపాలన్నీ ఈడనే బయటపడేటట్టుండాయి" అన్నాడు. రెండు పలుపులూ ఊడదీశారు. ఎనుము మా కంటే ముందు పరిగెత్తింది. దూడ పొదుగులో మూతి పెట్టి కుమ్ముతుంటే, నురగ కారుతున్న దాని మూతి చూసి నాయన నన్ను తిట్టడం కూడా మరిచిపోయాడు. అత్త మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు గొంతు తగ్గించి, "మే, ఆ దోసకాయల సంగతి దేవునికి గూడా చెప్పినావా?" అంది. "ప్రతి ఆదివారమూ చెప్తాండా అత్తా, పేరు మాత్రం పెట్టలే" అన్నాను.

ఇప్పుడు నాకు మనవరాళ్లు. వాళ్లు ఫోనులో అవతలివాళ్లతో ఇంగ్లీషులో పోట్లాడుతుంటే వింటూ ఉంటాను. మాటకు మాట బాగా అంటారు, ఒప్పుకోలు మాత్రం ఎక్కడా రాదు. నేనా, దేవునితో ఇప్పుడు మా యాసలోనే మాట్లాడుతున్నాను. "నీకు తెలుసు కదప్పా" అంటే సగం ప్రార్థన అయిపోతుంది. ఆ పెద్ద పెద్ద మాటలు చాలా మటుకు మరిచిపోయాను. అయినా ఒక్కోసారి కళ్లు మూసుకుంటే, ఆ మీసాల ముందు నిలబడి ఇంటి గుట్టంతా రాగం తీసి చెప్పేసిన ఆ పిచ్చిపిల్ల కనపడుతుంది. అంత ధైర్యం మళ్లీ నాకెప్పుడూ రాలేదు తల్లీ.

మీ ఇంట పాడి పొంగాలి. మీ పశువు పరుల చేలో పడకుండా ఉండాలి, పడినా ఆ ఇంట్లో ఒక పెద్దమ్మ ఉండాలి. మీ ఇంట్లో ఒకరినొకరు బంగారూ అని పిలుచుకోవడానికి ఎనుము దాకా పోయే పని ఎన్నటికీ రాకూడదు.