పడవ దాకా సాగిన ప్రోబు

మొన్న కొరియరులో ఆసిలోస్కోపు ప్రోబు, అంటే సర్క్యూటును తాకి చూసే మొన, ఒకటి వచ్చింది. పెన్ను కన్నా కాస్త లావు, చివర చీమ మీసాన్ని కూడా పట్టుకోగల చిన్న కొక్కెం. దాన్ని చేతిలో మురిపెంగా తిప్పుతుంటే ఒకప్పుడు మా బావా నేనూ సొంతంగా తయారుచేసిన ప్రోబు గుర్తుకొచ్చింది. దాని పొడవు చెబితే మీరు నమ్మరు: ఒక కొస ఐసు షెడ్డులో, రెండో కొస నీళ్ల మీద పడవలో.

మా అక్క భర్త, అంటే మా బావ, కోట అనే ఊళ్లో టీవీలూ రేడియోలూ బాగుచేసేవాడు. నేను ఆయన కొట్లో కొత్తగా పని నేర్చుకుంటున్నాను. ఆయన దగ్గర ఒక పాత ఆసిలోస్కోపు ఉండేది. కరెంటు నడకను తెర మీద పచ్చగీతగా చూపించే ఆ పెట్టె బరువు చూడి గేదెతో సమానం, దాని మీద బావ ప్రేమ చూసి మా అక్క అసూయపడేదంటే అందులో నా కల్పన పావలా వంతే.

వేసవి చేపల వేట నిషేధం ముగిసి, తెల్లారితే పడవలన్నీ బయలుదేరతాయనగా మా మేనమామ పడవలో లోతు చూపే పెట్టె మొరాయించింది. కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక ఏటా చోటు మారుస్తుంది, ముందటేడు మామ పడవ అక్కడే కూరుకుపోయింది గనక లోతు తెలియందే కదలడానికి వీల్లేదని అత్త పట్టుబట్టింది. కదలకపోతే అన్నాళ్లూ ఎదురుచూసిన మొదటి వేట పోయినట్టే.

ఆసిలోస్కోపుకు ఉప్పునీళ్లు పడవని బావ దాన్ని పడవెక్కించనన్నాడు. గట్టు మీది ఐసు షెడ్డుకు మోసుకొచ్చి పెట్టి, కొట్లో మిగిలిన కేబుల్ టీవీ తీగ చుట్టంతా విప్పి పడవ దాకా లాగి, కొసకు దబ్బనం కట్టి, దానికి అయిపోయిన పెన్ను గొట్టం తొడిగాము. మామ అదంతా చూసి బావతో, "ఏంది అల్లుడా, నాడి చూసేదానికి ఇంత తాడు కట్టినావు, పారిపోతాననా?" అన్నాడు.

నేను పడవలో దబ్బనం ఆనిస్తుంటే షెడ్డులో తెర ముందు నుంచి బావ కేక వేశాడు: పచ్చగీత ఒక్కసారే ఎగిరి ఒక పల్సు రావాల్సిన చోట పల్సూ, దాని వెనక చిన్న పిల్ల పల్సూ, పిల్ల వెనక పిల్లా వస్తున్నాయట. చిప్పు చెడిందని తేల్చి, ఊడబీకడానికి సోల్డరింగ్ ఐరన్ వేడి పెట్టమన్నాడు. కొత్త చిప్పు మద్రాసు నుంచి రావాలి గనక, ఊడబీకితే వేట లేనట్టే.

దబ్బనం చేతిలో ఉంటే ఊరుకునే రకం కాదు నేను. ఐరన్ కాగేలోపు, బావకు చెప్పకుండా, పక్క పడవలో నిక్షేపంగా పనిచేస్తున్న పెట్టెకు ఆనించాను. పిల్లలు ఇంకా ఎక్కువయ్యాయి, రోగం ముదిరిందని బావ షెడ్డులోంచి గావుకేక పెట్టాడు. అది పక్క పడవ పెట్టె అని నేను చెప్పేసరికి ఆయన షెడ్డులోంచి పరుగున వచ్చి తీగ కొస చేతిలోకి తీసుకున్నాడు. ఇళ్లలో టీవీ బొమ్మ పక్కన నీడబొమ్మ వస్తే తీగ కొసకు తగిన రెసిస్టరు తగిలించి నయం చేసే మనిషే, ఆ తీగనే తన ప్రోబు చేసుకుని ఆ మాట మరిచిపోయాడు. కొసన పల్సును పీల్చుకునే రెసిస్టరు లేకపోతే అది గోడకు కొట్టిన బంతిలా వెనక్కొస్తుంది.

"జబ్బు పెట్టెది కాదు మామా, నా తీగది," అన్నాడు బావ.

తెర దగ్గర డెబ్బై అయిదు ఓముల రెసిస్టరు ఒకటీ, దబ్బనం దగ్గర అంతకు పెద్దది ఒకటీ అతికించగానే పిల్లలన్నీ మాయమై పల్సు ఒక్కటే నిలిచింది. చిప్పు బంగారంలా ఉంది. అక్కణ్నుంచి వెతుక్కుంటూ పోతే దొరికిన అసలు రోగం, పడవ అడుగున నీళ్లలోకి ధ్వని పంపే బిళ్ల తాలూకు ప్లగ్గులో చిలుము. మామ చేపల కత్తితో గీకితే పోయింది.

తెల్లవారి పడవ కదిలింది. గట్టు మీద మేమంతా నిలబడితే, మామ పెట్టెలో కనపడే లోతును బారల్లో లెక్కగట్టి, మొగ దాటేదాకా మాకు వినపడేలా అరుస్తూనే పోయాడు. రెండు బారలన్నప్పుడు అత్త నా భుజం పిండి చేసింది, నాలుగన్నప్పుడు వదిలింది.

ఇప్పుడు పెట్టెలు సీలు వేసి వస్తున్నాయి, చెడితే పారేసి కొత్తది బిగిస్తారు, మంచిదే. పడవలు చప్పుడు లేకుండా లోతు చూసుకుని వెళ్లిపోతున్నాయి. గట్టు మీద నిలబడ్డవాళ్లకు మాత్రం, తమవాళ్ల కింద ఎన్ని నీళ్లున్నాయో తెలియడం లేదు.